ఒకటిన్నర పంచె

పోయిన వారం మా నాయనకు వీడియో కాల్‌లో నడక పరీక్ష పెట్టినారు. ఫెయిలైంది మాత్రం నేను! నవ్వనంటేనే చెప్తాను. సరే, నవ్వినా చెప్తాను. ఎట్లాగూ మా గుడియాత్తం బజారంతా తెలిసిపోయింది.

నాయన మాతోనే ఉంటాడు. నలభై ఏండ్లు బజారులో లుంగీలు, పంచెలు అమ్మిన మనిషి. ఆరు నెలల కింద బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. వేలూరులో ఆపరేషన్ అయింది. అప్పటినుంచీ వాకరే. ఆయనకు ఉండే కోరిక ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి చేతికర్రతో, ఒంటరిగా, వీధి చివర టీ అంగడికి పోవాలి. పాత జతగాళ్లు ముగ్గురూ అక్కడే కూర్చుంటారు. నేను తోడొస్తానంటే ఒప్పుకోడు. "నువ్వుంటే వాళ్లు నోరు విప్పరమ్మా" అంటాడు.

ఆ పర్మిషన్ ఇయ్యాల్సింది వేలూరు ఫిజియో డాక్టరమ్మ. బస్సులో అంత దూరం వద్దు, ఫోన్లోనే చూస్తానంది. కర్ర పట్టుకొని కుర్చీలోంచి లేవాలి, మూడు మీటర్లు నడవాలి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఆమె టైము చూసుకుంటుంది. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు.

నాకేం భయం? స్కూల్లో లెక్కల టీచరును! తీరా కాల్ వచ్చే టైముకు టేపు లేదు. ఇల్లంతా వెతికితే దొరికింది పదిహేను సెంటీమీటర్ల స్కేలు. అప్పుడు వెలిగింది నా బుర్ర. మా ఆయనకు నేనే కొంటాను కదా, పంచె అంటే రెండు మీటర్లు. ఒకటిన్నర పంచె అయితే మూడు! దండెం మీదనుంచి రెండు పంచెలు లాగినాను. కుర్చీ దగ్గర్నుంచి ఒకటి పూర్తిగా పరిచి, దాని కొసన రెండోది సగానికి మడిచి పెట్టి, చివర చాక్‌పీసుతో గీత గీసినాను. పంచెలు తీసి మంచం మీద పడేసినాను.

నాయన కుర్చీలోంచి అంతా చూస్తున్నాడు.

"అమ్మా, గీత దూరమైపోయింది."

"భయపడొద్దు నాయనా, మూడు మీటర్లే."

"మూడు కాదు, నాలుగు ఉండాది."

అంతలో కాల్ వచ్చింది. డాక్టరమ్మకు మొదట మా ఫ్యాను కనపడింది, తర్వాత నా ముక్కు. "తాత కాళ్లు కనపడాల మా!" అని అరవ యాసలో అంటోంది. నాయన మళ్లీ నోరు తెరిచినాడు. "ష్! మాట్లాడితే టైము పోతాది" అని వేలు చూపించినాను. నాయన కర్ర అందుకున్నాడు.

నడిచినాడు. ఎంత బాగా నడిచినాడనుకున్నారు! నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. డాక్టరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. "టైము జాస్తి అయింది మా. ఇంకో నెల వాకరే ఉండనీ. ఒంటిగా పంపొద్దు."

నాయన వాకరు దగ్గరికి లాక్కున్నాడు. నాలుగింటికి వాకిట్లో తిన్నె మీద కూర్చొని వీధి చివరికే చూస్తా ఉన్నాడు. పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది.

ఏం చెయ్యాలో తోచక పంచెలు మడతేస్తున్నాను. ఒక పంచె ఎంతసేపటికీ అయిపోదు! నాయన నావైపు తిరిగినాడు.

"అల్లుడిది నాలుగు మూరల పంచె, రెండు మీటర్లు. నాది ఎనిమిది మూరలు, నాలుగు మీటర్లు. సగం మడిస్తే ఎంత, టీచరమ్మా?"

"రెండు..."

"రెండూ రెండూ?"

మడిచిన పంచె, మడవని పంచె నేల మీద ఒకే పొడవున్నాయి, నా కళ్లెదురుగా! ఇన్నేండ్లుగా ఆ రెండింటినీ ఉతికేది నేనే!

"గట్టిగా చెప్పొచ్చు కదా నాయనా!"

"చెప్తే నోరు ముయ్యమంటివి. కాళ్లు పోయినట్టే కన్ను గూడా పోయిందేమోలే అనుకుంటి."

ఆ మాటకు ఏడుపొచ్చేసింది. గుడ్డను చూపుతోనే కొలిచిన మనిషి. ఆ చూపు మీద ఆయనకే అనుమానం పుట్టించినాను. "తప్పైపోయింది నాయనా" అని అక్కడే కింద కూర్చుండిపోయినాను.

"లెయ్యి, లెయ్యి. మంచం కింద చూడు పో."

చూస్తే, గుడ్డ చుట్టిపెట్టిన మీటరు కడ్డీ! అంగడినాటిది.

"ఇది ఉండాదని చెప్పలేదేం?"

"నువ్వు అడిగితివా?"

మరుసటి రోజు కడ్డీని మూడుసార్లు పెట్టి కొత్త గీత గీసినాను. మళ్లీ కాల్ చేసి జరిగింది చెప్తే, డాక్టరమ్మ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. నాయన నడిచినాడు. "సూపర్ తాతా! కర్రతో పోవచ్చు. తడి నేల ఒక్కటి జాగ్రత్త!" అనేసి నన్నడిగింది. "అవును మా, స్కూల్లో మీరేం సబ్జెక్టు?"

"సోషల్" అని కాల్ కట్ చేసినాను.

నిన్న స్కూలు నుంచి వస్తుంటే టీ అంగడి ముందర నలుగురూ ఉన్నారు. నాయన కర్ర బెంచీకి ఆనించి ఉంది, చేతిలో టీ గ్లాసు. ఆ మొహం మీరు చూడాల్సింది! జతగాళ్లలో ఒకాయన నన్ను పిలిచినాడు.

"ఏమ్మా టీచరూ, ఒకటిన్నర పంచె ఎన్ని మీటర్లు?"

"ముందు ఎవరి పంచెనో చెప్పండి మామా" అన్నాను.

నాయనకు నవ్వి నవ్వి టీ పొరబోయింది. ఇరవై ఏండ్ల సర్వీసులో నేను కరెక్టుగా చేసిన లెక్క అదొక్కటేనంట!