ఆలోచన చేస్తాండాం

మా అత్తకు చక్కెర జబ్బు. బెళుగుప్ప దగ్గర పల్లెలో ఉండేది. చేనులో ముల్లు గుచ్చుకుని బొటనవేలు పుండైతే ఎవరికీ చెప్పలేదు. వాసన మొదలయ్యాక పెద్ద కొడుకు, అంటే మా బావ, ఆమెను గుంతకల్లు తెచ్చి మా రైల్వే క్వార్టర్లో దింపాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎండాకాలంలో జరిగింది ఇది. మా ఆయన ఆమెకు చిన్న కొడుకు, రైల్వేలో గుమాస్తా.

డాక్టరు చూడగానే తేల్చి చెప్పాడు. "వేలు తీసేస్తే కాలు దక్కుతుంది. ఆలస్యమైతే పైకి పాకుతుంది. మాట్లాడుకుని తొందరగా రండి."

ఇంటికొచ్చి అన్నదమ్ములు వరండాలో కూర్చున్నారు.

"నువ్వు పెద్దోనివి, న్నా. నువ్వెట్ల చెప్తే అట్ల," అన్నాడు మా ఆయన.

"నాదేముండాది రా? టౌన్లో ఉండేవానివి, డాక్టర్ల సంగతి నీకే తెలుస్తాది," అన్నాడు బావ.

తీయించేద్దామని నేనన్నాను. "నువ్వు ఊరికే ఉండు. మేము ఆలోచన చేస్తాండాం కదా," అన్నాడు మా ఆయన.

ఆ ఆలోచన ఎలా సాగిందో నేను కళ్లారా చూశాను. బావ ఊళ్లో గట్టు తగాదాలు తీర్చే మనిషి. ఆయన మాటకు ఎదురుండదని చెప్పుకునేవారు. ఆ పెద్దమనిషి రోజంతా వక్కాకు నములుతూ వరండా మూలలో ఉమ్మేవాడు. గోడంతా ఎర్రటి చారలు. నేను కడిగిన చోటే మళ్లీ ఉమ్మేవాడు. ఒకరోజు గుడికెళ్లి, వేలు తీయించాలా వద్దా అని దేవుణ్ణి పూలు అడిగాడు. పువ్వు ఎడమవైపు పడింది, వద్దని. పూజారి పువ్వు సరిగా పెట్టలేదని మళ్లీ అడిగించాడు. ఈసారి కుడివైపు పడింది, తీయించమని. రెండూ రెండు రకాలుగా పడినాయి కాబట్టి ఇంకొన్నాళ్లు చూద్దామన్నాడు.

మా ఆయనది ఇంకో దారి. ఆఫీసు నుంచి రాగానే స్కూటర్ కడగడం మొదలుపెట్టేవాడు. మాకు కొళాయి రోజు మార్చి రోజు కూడా సరిగా వచ్చేది కాదు. అత్త కట్లు ఉతకడానికి నేను డ్రమ్ములో దాచుకున్న నీళ్లు తీసుకెళ్లి చక్రాల నట్లు ఒక్కొక్కటే తుడిచేవాడు. లోపల తల్లి మూలుగుతుంటే ఇంకా గట్టిగా రుద్దేవాడు.

"ఆ నీళ్లు అత్త కాలికి," అన్నాను.

"తల పగిలిపోతాంది నాకు. కాసేపు వదిలెయ్," అన్నాడు. తల పగిలిపోతున్నది ఆయనకట!

కట్టు విప్పేది నేను. వేలు నల్లబడి, నలుపు పాదం మీదికి ఎక్కింది. మొదట్లో ఆ వాసనకు ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని. తర్వాత అలవాటైంది. అలవాటు కానిది వరండాలోని ఆ ఇద్దరే. అన్నం ముందు కూర్చుని బావ, "పాపం అమ్మ," అంటూ ముద్ద కలుపుకుంటుంటే నాకు లోపలి నుంచి ఓకరింత వచ్చేది.

ఒక పొద్దున కట్టు విప్పేసరికి అత్తే తన కాలు వంగి చూసుకుంది. చాలాసేపు చూసింది. "అమ్మీ, వాళ్లను పిలువు," అంది.

ఇద్దరూ వచ్చి గడప దగ్గరే నిలబడ్డారు. బావ పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమప్పా, తెగిందా మీ పంచాయితీ?"

"ఆలోచన చేస్తాండాం, మా," అన్నాడు మా ఆయన నేల చూస్తూ.

"ఇది నా కాలురా, చేని గట్టు కాదు. ఆటో పిలిపించండి."

ఆస్పత్రిలో డాక్టరు కట్టు విప్పి మా మీద కేకలేశాడు. వేలితో పోయేది కాదిప్పుడు, మోకాలి కింద దాకా తీయాలన్నాడు. సంతకం ఎవరు పెడతారని అడిగితే అన్న తమ్ముడి వైపు చూశాడు, తమ్ముడు కిటికీ వైపు చూశాడు. అత్త చెయ్యి చాపి, "సిరా యాడుండాది? నేనే వేలిముద్ర ఏస్తా," అంది.

ఆమె బతికింది. చూడటానికి ఊరి నుంచి బంధువులు వచ్చారు. మంచం పక్కన కుర్చీ వేసుకుని బావ వాళ్లకు చెప్పాడు. "రాత్రులు నిద్ర లేకుండా ఆలోచించి, గుండె రాయి చేసుకుని నిర్ణయం తీసుకున్నాం. అందుకే మనిషి దక్కింది." మా ఆయన పక్కన నిలబడి తల ఊపాడు.

అత్త కళ్లు తెరవకుండానే నన్ను పిలిచింది.

"అమ్మీ, వాన్ని బయట కూర్చోమను. ఈడ గాలి ఆడతా లేదు."

నేను వెళ్లి తలుపు బార్లా తెరిచి, లేవమన్నట్టు బావ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. ఆయన లేచి వెళ్లాడు. అత్త కొంచెం గంజి అడిగింది.