చెమర్చని కుండ

గుడ్డ మీద కొడితే నీళ్లు అంటకుండా జారిపోయే స్ప్రే ఒకటుందని మా ఆయన ఫోనులో చూశారు. ఆ వీడియోలో ఒకాయన తెల్లబూట్ల మీద చాక్లెట్ పాకం పోసి, అది జారిపోతుంటే నవ్వుతున్నాడు. బుద్ధున్నవాడెవడైనా బూట్ల మీద చాక్లెట్ ఎందుకు పోసుకుంటాడని అడిగాను. ఆయన అప్పటికే రెండు డబ్బాలు ఆర్డరు పెట్టేశారు.

డబ్బాలు వానాకాలంలో వచ్చాయి. విజయవాడలో గంటసేపు వాన కురిస్తే మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అలాంటి వీధిలోకి ఆయన స్ప్రే కొట్టిన బూట్లు వేసుకుని ధీమాగా దిగారు. బూట్ల పైభాగం నిజంగానే తడవలేదు. నీళ్లు చీలమండ దగ్గర నుంచి లోపలికి వెళ్లి, బయటికి వచ్చే దారి లేక అక్కడే ఉండిపోయాయి. సాయంత్రం ఆయన బాల్కనీలో బూట్లు వంపుకుంటుంటే నేను వంటింట్లోంచి తొంగి చూశాను. నవ్వలేదని చెప్పను.

నిజం చెప్పాలంటే ఆఫీసు సంచికీ పాత గొడుగుకీ అది బాగానే పనిచేసింది. అంతటితో ఆగితే ఆయన మా ఆయన ఎందుకవుతారు! స్కూటరు సీటుకి కొట్టారు. బాల్కనీ కుర్చీల దిండ్లకి కొట్టారు. సోఫాకి కొట్టి, పక్క ఫ్లాటువాళ్లను పిలిచి మరీ దాని మీద కాఫీ ఒలకబోశారు. చల్లారిన కాఫీ బొట్లుబొట్లుగా జారిపోయింది. ఆ మెచ్చుకోళ్లు చాలక, ఈసారి పొగలు కక్కే కాఫీ పోశారు. ఆ మరక ఇప్పటికీ ఉంది. ఎవరైనా వస్తే దాని మీద దిండు పెడతాను.

అన్నిటికన్నా గొప్ప పని బాత్రూము ముందు కాలిపట్టాకి కొట్టడం. నీళ్లు పీల్చడం తప్ప దానికి ఇంకో పని లేదు. దాన్ని కూడా ఉద్యోగం మాన్పించారు. వారం రోజులు ఇంటిల్లిపాదీ తడికాళ్లతో దాని మీద జారుతూ తిరిగాం.

కోతల రోజుల్లో కంకిపాడు దగ్గర మా మరిది పొలానికి కూడా ఒక డబ్బా పట్టుకెళ్లారు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికి వాన వస్తే కప్పే బరకాలు పాతబడి కారుతున్నాయట, వాటికి కొడతారట. మా మరిది ధాన్యపు రాశుల బారునీ, అన్నగారి చేతిలో డబ్బానీ మార్చి మార్చి చూసి, "కిటికీ కర్టెన్‌కి సరిపోద్దేమో అన్నయ్యా" అన్నాడు. ఆ మాట నేను ఆ ఏడాదంతా వాడుకున్నాను. ఇంట్లో చిన్న పొరపాటు జరిగినా డబ్బా తెమ్మంటారా అని అడిగేదాన్ని.

ఆ తర్వాతి వేసవికి అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చారు. అంతకు నెల ముందు ఆవిడకి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి, చలిజ్వరంతో మంచం పట్టారు. నీళ్లు బాగా తాగాలి, తగ్గిస్తే మళ్లీ తిరగబెడుతుంది, ఈ వయసులో అది కిడ్నీల మీదికి పోతుంది అని డాక్టరుగారు మాకు గట్టిగా చెప్పారు. ఆవిడ ఫ్రిజ్ నీళ్లు ముట్టరు, గొంతు పట్టేస్తుందంటారు. అందుకే కంకిపాడులో కొత్త కుండ కొనిపించి ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చుకున్నారు. వంటింటి మూల ఇసుక పోసిన పళ్లెంలో కూర్చోబెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టారు. గంటకోసారి వచ్చి గ్లాసుడు నీళ్లు ముంచుకుని కళ్లు మూసుకుని తాగేవారు.

కుండ చెమర్చేది. పళ్లెం నిండి, నేలంతా తడయ్యేది. టైల్సు మీద ఇసుక, అడుగుల మరకలు, వాటి వెంట చీమలు. రోజుకి నాలుగుసార్లు తుడిచేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతున్నారు, ఆయన ఆఫీసులో ఉన్నారు. కుండ ఖాళీ చేసి, బాల్కనీలో ఎండబెట్టి, బయటివైపు రెండు పూతలు స్ప్రే కొట్టాను. అవును, నేనే. వాసన పోయేదాకా ఎండలోనే ఉంచి, నీళ్లు నింపి మూల పెట్టేశాను. చుట్టిన గుడ్డ కూడా అక్కర్లేదని తీసేశాను.

కుండ చెమరిస్తేనే నీళ్లు చల్లబడతాయని నాకు తెలియదా? పుట్టింది ఈ కృష్ణా జిల్లాలోనే, పెరిగింది కుండనీళ్లు తాగే. ఆ పూట నాకు నేల తప్ప ఇంకేమీ కనపడలేదు. మర్నాడు పొడిగా మెరుస్తున్న టైల్సు చూసి, ఈ డబ్బాని ఎలా వాడాలో ఇంట్లో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

రెండు రోజులకి అత్తయ్యగారు కుండ మంచిది కాదన్నారు, నీళ్లు కాగినట్టున్నాయన్నారు. ఎండలు అలా ఉన్నాయండీ అన్నాను. గంటకోసారి వచ్చే మనిషి పూటకోసారి రావడం మొదలుపెట్టారు. అది కూడా నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

వారం తిరిగేసరికి మళ్లీ చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతున్నారమ్మా అని డాక్టరుగారు అడిగితే, మూడో నాలుగో అన్నారు ఆవిడ, తప్పు చేసినట్టు తల దించుకుని. డాక్టరుగారు నా వైపు చూశారు.

మూడో రోజు ఇంటికి తీసుకొచ్చాం. మా ఆయన కుండ కడిగి కొత్త నీళ్లు పోద్దామని బాల్కనీలోకి తీసుకెళ్లి చెంబుతో నీళ్లు పోశారు. నీళ్లు పూసల్లా ఉండలు కట్టి కుండ మీంచి జారిపోయాయి. ఏడాదిగా ఆ పూసలు కనపడితే చాలు, ఇల్లంతా పిలిచి చూపించిన మనిషి ఆయన. ఈసారి ఎవరినీ పిలవలేదు. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి ఒకటే అడిగారు.

"లోపల కొట్టలేదు కదా?"

లేదన్నట్టు తలూపాను. ఆయన ఇంకేదో అంటారని నిలబడ్డాను. ఏడాదంతా నేనన్న మాటల్లో ఒక్కటి తిరిగి అన్నా నాకు తేలికగా ఉండేది. ఆయన చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లారు. ముందుగదిలోంచి మాట వినపడింది.

"కుండకి నేనే స్ప్రే కొట్టానమ్మా, కింద తడవుతోందని. రేపు కొత్తది తెస్తాలే."

అత్తయ్యగారు నీరసంగానే తిట్టారు. చిన్నప్పటినుంచీ నీకింతే, కుండకీ కాలిపట్టాకీ తేడా తెలియదు, ఆ పిల్ల ఏడాదిగా మొత్తుకుంటూనే ఉంది కదా అన్నారు. ఆ పిల్లని నేనే. లోపలికి వెళ్లి కాదని చెప్పడానికి నాలుగడుగులు చాలు. వేయలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా వేయలేదు.

కొత్త కుండ వచ్చింది. బాగా చెమరుస్తుంది. రోజుకి నాలుగుసార్లు నేల తుడుస్తాను, ఆవిడ తాగిన గ్లాసులు లెక్కపెట్టుకుంటాను. ఇంటికి ఎవరొచ్చినా అత్తయ్యగారు కొడుకు కుండకి స్ప్రే కొట్టిన సంగతి మొదటినుంచీ చెప్పి నవ్విస్తారు. ఆయన కూడా నవ్వుతారు. నేను సోఫా మీద దిండు సర్ది, అందరికీ కాఫీలు అందిస్తాను.