కొత్తకోట దాబాలో ఏకగ్రీవం

2023 వానాకాలం మొదట్లో సంగతి. నాగర్‌కర్నూల్‌లో నాకు నెట్ సెంటర్ ఉంది. పగలంతా జిరాక్సులు, కాలేజీ దరఖాస్తులు, "అక్కా, ఓటీపీ వస్తలేదు" అనే కేకలు. మధ్యలో ఖాళీ దొరికితే ఇంకో కొలువు చేస్తాను. దానికి జీతం లేదు, సెలవులు లేవు, తిట్లకు మాత్రం లోటుండదు. మన ఊళ్ల గురించి ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఒక తెలుగు వికీలో నేను బ్యూరోక్రాట్‌ని. పేరు చూసి భయపడొద్దు. కొత్త అడ్మిన్‌ను ఎన్నుకునే చర్చ నడిపించి, చివరికి అందరూ ఏమన్నారో చదివి, హక్కులిచ్చే బటన్ నొక్కే మనిషిని అలా అంటారు.

అడ్మిన్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. పిచ్చిరాతలు రాసేవాళ్లను ఆపడం, చెత్త పేజీలు తీసేయడం, గొడవ జరుగుతున్న పేజీకి తాళం వేయడం అతని పని. ఒకరకంగా వికీలో ఊడ్చే మనిషే, కాకపోతే తాళంచెవులు కూడా అతని దగ్గరే ఉంటాయి. అందుకే ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వం. వారం పాటు చర్చ పెడతాం. 'మద్దతు' అనో 'వ్యతిరేకం' అనో రాసి కారణం చెప్పాలి. ఓట్ల లెక్క కన్నా కారణాలకే మా దగ్గర విలువ.

ఆ ఏడాది మాకు అడ్మిన్లు కరువయ్యారు. ఒకాయనకు కంటి ఆపరేషన్, ఇంకొకామెకు చంటిబిడ్డ. అప్పుడు వనపర్తి రాజేశ్వర్ సారు, రిటైరైన లెక్కల టీచరు, ఆశీర్వాదం పేరు ప్రతిపాదించారు. ఆశీర్వాదానిది మల్దకల్ పక్క పల్లె. కూలిపనికి బెంగళూరు పోయి, ఇప్పుడు అక్కడే క్రేన్ నడుపుతున్నాడు. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ పల్లెల గురించి ఫోన్‌లోనే ఏళ్ల తరబడి రాస్తున్నాడు. ఒకసారి నాతో అన్నాడు:

"బెంగుళూరుల ఎన్ని బిల్డింగులు లేపిననో నాకే యాదికి లేదక్కా. ఒక్కదాని మీద నా పేరుండదు. ఈడ మాత్రం నేను మార్చిన ప్రతి లైను పక్కన నా పేరుంటది."

నిజమే. వికీలో ప్రతి పేజీకీ ఒక చరిత్ర ఉంటుంది. ఎవరు ఏ అక్షరం దిద్దారో అందులో పేరుతో సహా కనిపిస్తుంది.

చర్చ మొదలయ్యాక వచ్చిన ఆదివారం సాయంత్రం షాపులో కూర్చుని చూస్తే పేజీ నిండా మద్దతులు. గంటలోపే పదిమంది దాకా రాశారు. అందరిదీ ఒకటే వాక్యం: "మద్దతు. ఏకగ్రీవంగా ఎన్నుకుంటున్నాం." చాలామటుకు నెలల తరబడి కనబడని ఖాతాలు. నాకు సంతోషం వేయలేదు, అనుమానం వేసింది. నాకన్నా ముందే సుధాకర్ గారికి వేసింది. ఆయన మా చెక్‌యూజర్, అంటే ఏ ఖాతా ఏ నెట్‌వర్క్ నుంచి రాసిందో చూసే అధికారం ఉన్న మనిషి. ఉండేది రాజమండ్రిలో. మాట మెత్తన, తీర్పు కఠినం.

"అమ్మా, ఇవన్నీ ఒకే వైఫై నుంచి వచ్చాయండి," అన్నారు ఫోన్‌లో. "ఒకే మనిషి ఇన్ని పేర్లతో రాసినట్టుంది. పాత వివరాలతో పోల్చి చూద్దామంటే ఇవి నిద్రపోతున్న ఖాతాలు, అప్పటి వివరాలు చెరిగిపోయాయి. అనుమానం నిజమైతే ఆశీర్వాదం గారి ఖాతాతో సహా అన్నీ శాశ్వతంగా మూసేయాలి."

అలా మూసేసిన ఖాతా మీద దొంగ ఓట్లు వేసుకున్నాడన్న ముద్ర పడుతుంది. అది కూడా పేరుతో సహా ఎప్పటికీ అందరికీ కనిపిస్తుంది.

ఆశీర్వాదానికి ఫోన్ చేశాను. ఆ వారం ఊరికొచ్చి ఉన్నాడు, ఓట్లొచ్చిన వైఫై కూడా మా వైపుదే కాబట్టి అదీ ఒక అనుమానమే.

"ఒట్టక్కా, నాకేం తెల్వదు. పొద్దటి నుంచి చేన్ల పత్తి గింజలు పెడుతున్న. ఫోనే ముట్టలే." ఆ వెంటనే గొంతు తగ్గించి అన్నాడు, "నాకు అడ్మిన్ వద్దక్కా, ఎవరికన్న ఇయ్యుండ్రి. నా ఖాతా ఒక్కటి ఉంచుమను. గిన్నేండ్లు రాసి దొంగ అనిపిచ్చుకుంటే మా ఊళ్లె ఎట్ల తలెత్తుకుంట?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. రాజేశ్వర్ సారుకు ఫోన్ చేశాక తెలిసింది. ఆయన పెళ్లిపెద్దలా హుషారుగా ఎత్తారు.

"చూసినవా బిడ్డా! పనైపోయింది. కొత్తకోట దాబాల మీటింగ్ పెట్టిన. గద్వాలోళ్లు, వనపర్తోళ్లు అందరొచ్చిన్రు. పాస్‌వర్డులు మర్చిపోయినోళ్లకు నేనే దగ్గరుండి తెరిపిచ్చిన. సిగ్నల్ లేకుంటే దాబా ఆయన వైఫై ఇచ్చిండు. రొట్టెలు తిన్నం, ఏకగ్రీవం చేసినం. కొట్లాట లేదు, పంచాయితి లేదు."

"ఇదేమన్న సర్పంచ్ ఎలక్షనా సారూ?"

"అంతకన్న ఎక్కువనే కద! మన వనపర్తి శ్రీలత, నర్సు, ఆమె వ్యతిరేకం రాస్త అన్నది. నేనే సముదాయించిన. మన పాలమూరోడు నిలవడితే మనమే కాలడ్డం పెడ్తమా అన్న. ఇన్నది."

మా వైపు ఊరంతా ఒక్కచోట కూర్చుని సర్పంచ్‌ను ఏకగ్రీవం చేసుకుంటే అది ఊరంతటికీ గొప్ప. సారు చేసింది కూడా అదే, నిండు మనసుతో. వికీలో మాత్రం పదిమంది ఒక్క గొంతుతో మాట్లాడితే ఒక్కడే మాట్లాడుతున్నాడని అనుకుంటారు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదేనేమో.

జరిగిందంతా సుధాకర్ గారికి చెప్పాను. "నమ్మాలనే ఉందమ్మా. కానీ దొరికినవాళ్లంతా ఇలాంటి కథే చెబుతారు," అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. రెండు రోజులు గడువడిగాను. దాబా ఓట్లన్నీ రద్దు చేసి, ఎవరింట్లోంచి వాళ్లు, ఎవరి మాటల్లో వాళ్లు, కారణంతో మళ్లీ రాయాలని చర్చ పేజీలో పెట్టాను. తర్వాత శ్రీలతకు ఫోన్ చేశాను.

"నువ్వు రాయాలనుకున్నది రాయమ్మా."

"రాస్తే ఆయన పని ఖతమైతదేమో అక్కా?"

"రాయకుంటేనే అయ్యేటట్టున్నది."

మర్నాడు డ్యూటీ దిగాక ఆమె రాసింది. 'వ్యతిరేకం. కొత్తవాళ్ల రాతలను ఆశీర్వాదం గారు ఒక్క ముక్క చెప్పకుండా తీసేస్తారు. నాతో పనిచేసే అమ్మాయి తన ఊరి గురించి రాస్తే అలాగే తీసేశారు. ఆమె మళ్లీ వికీ ముఖం చూడలేదు. ఇలాంటి మనిషి చేతికి తాళాలా?' దాని కింద రాజేశ్వర్ సారు దూకారు, దాబాలో ఒప్పుకుని ఇప్పుడు మాట మారుస్తావా అని. మీరు నోరు తెరవనిస్తే కదా సారూ అని ఆమె. ఇంతలో గద్వాల ఆయన ఒకరు వచ్చి, సారు తాను రాసిన వ్యాసంలో కామా కూడా ఎవరినీ ముట్టనివ్వరని పాత పగ తవ్వారు. పొద్దుగూకేసరికి మా చర్చ పేజీ నల్లా కాడ కొట్లాటలా తయారైంది. నేను ఎవరినీ ఆపలేదు.

సుధాకర్ గారు ఫోన్ చేశారు. ఆయన నవ్వడం నేను వినడం అదే మొదలు.

"ఒక మనిషి తనతో తాను ఇంతలా పోట్లాడుకోవడం అయ్యే పని కాదమ్మా. వీళ్లు వేరువేరు మనుషులే. కేసు మూసేస్తున్నాను."

గుండెల మీది కుంపటి దిగింది. గట్టిగా నవ్వేశానట. జిరాక్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి, "ఏమైందమ్మా, నౌకరీ వచ్చిందా?" అని అడిగాడు.

శ్రీలత మాటల కింద ఆశీర్వాదం జవాబు రాశాడు: 'ఆమె అన్నది నిజం. తొందరలో తీసేశాను, కారణం చెప్పలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి పేజీలో కారణం రాశాను, తప్పయిందనీ రాశాను.' అంతే, సాకులు లేవు. అది చదివాక ఊగిసలాడుతున్నవాళ్లు మద్దతు వైపు వచ్చారు. శ్రీలత మాత్రం చివరిదాకా వ్యతిరేకంలోనే ఉంది. గడువు ముగిశాక కారణాలన్నీ మరోసారి చదివి బటన్ నొక్కాను.

"శ్రీలతక్క ఓటు మార్చుకున్నదా అక్కా?" అని ఫోన్‌లో అడిగాడు ఆశీర్వాదం.

"లేదు."

"మంచిదే అయింది. ఆమె గట్ల రాయకుంటే ఈపాటికి నా పేరే లేకపోవు."

ఈ పనిలో ఇన్నేళ్లుగా నేను గొడవలు తగ్గించడమే నా బాధ్యత అనుకునేదాన్ని. ఆ కేసు తర్వాత, ఎదురుమాట లేని ఎన్నిక కనిపిస్తే తొందరపడి ముగించడం మానేశాను. ఎవరి నోరైనా మూతపడిందా అని ముందు ఆరా తీస్తాను. అడ్మిన్‌ను నమ్మొచ్చో లేదో తనను కాదన్నవాళ్లకు అతను ఏం జవాబిచ్చాడో చూస్తేనే తెలుస్తుంది.

మొన్నీమధ్య శ్రీలతను అడ్మిన్‌గా ఆశీర్వాదమే ప్రతిపాదించాడు. ఆ రోజే రాజేశ్వర్ సారు ఫోన్ చేశారు.

"బిడ్డా, నేను వ్యతిరేకం రాస్తున్న. కోపం చెయ్యకు."

"రాయుండ్రి సారూ," అన్నాను. "మీరు రాస్తేనే నాకు నిమ్మలం."