సీలేసి వచ్చిన గాజులు

నంద్యాలలో మాది గాజుల దుకాణం. గాజులు అమ్మడమే కాదు, తొడగడం కూడా మా అమ్మ పనే. ఎంత బిగుతు గాజైనా కణుపులు నొక్కి, మాటల్లో పెట్టి, మెల్లగా ఎక్కించేది. ఆడవాళ్లు ఆమె ముందు చెయ్యి చాపి కష్టసుఖాలన్నీ చెప్పుకునేవాళ్లు.

కరోనా వచ్చాక ఆ చేతులు రావడం మానేశాయి. లాక్‌డౌన్ ఎత్తేసినా ఎవరూ మా గడప తొక్కలేదు. ఎదురింటికీ పక్కింటికీ రోజూ పార్సిళ్లే. ఉప్పూ పప్పూ ఫోన్లో తెప్పించుకోవడం అలవాటైనవాళ్లకు గాజులొక లెక్కా? అమ్మ గ్లవుజులు వేసుకుని కూర్చునేది. వాటితో గాజు ఎక్కదని ఆమెకూ తెలుసు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది, ఎవరి మీదో తెలియదు.

అలాంటి రోజుల్లో ఆళ్లగడ్డ నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఆమెకు పెళ్లి గాజులు వేసింది అమ్మే. ఇప్పుడు ఆమె కూతురికి సీమంతం.

"అక్కా, గాజులు ఫోన్లో తెప్పిస్తిమి. పాపకు చేతులు వాచినాయి, ఎక్కడంలే. రెండు చిట్లిపాయ. మనసు అదోమాదిరిగా ఉండాది. నువ్వొచ్చి వేసిపోవల్ల."

అమ్మకు కాలు నిలవలేదు. పెద్ద సైజు గాజులన్నీ ఏరి మూట కట్టింది. ఇద్దరం బస్సెక్కాం.

గుమ్మంలోనే అమ్మ అరచేతుల్లో శానిటైజర్ పోశారు. అమ్మ మూట విప్పి, "ఈ సైజైతే బిడ్డకు సుఖంగా ఉంటాది మా" అంది.

"వద్దులే అక్కా. అవి అందరి చేతులూ పడినవి. ఇవైతే సీలేసి వచ్చినాయి" అంది ఆమె.

అమ్మ చేతులు కావాలి, అమ్మ గాజులు వద్దు. నేను నోరు తెరవబోతే అమ్మ కంటితోనే ఆపింది. సబ్బు నురగ రాసి, ఆ పిల్లకు నొప్పి తెలియకుండా, ఆ ఇరుకు గాజులన్నీ ఎక్కించింది. ఒక్కటీ చిట్లలేదు. చల్లగా ఉండమని దీవించింది కూడా. ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లేం కాదు, కూర్చోబెట్టి భోజనం పెట్టారు. చెడ్డవాళ్లయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

తిరిగొచ్చాక అమ్మ దుకాణం తెరవలేదు. ఎన్నిసార్లు అడిగినా, తెరిచి ఏం చేయాలనేది. రంజాన్ వచ్చింది. పండగ ముందురోజు, ప్రతి ఏడూ లాగే గాజుల పెట్టె దగ్గర కూర్చుని అమ్మకు చెయ్యి చాపాను. ఆమె నా చేతిని తాకలేదు. తన రెండు చేతులూ కొంగు కింద దాచుకుని, నువ్వే వేసుకోమంది.