దెయ్యాలక్క గోడ

మెడ మీద కత్తి ఆనించాక గానీ ఆమె ఆ ప్రశ్న అడగదు.

"మీకు దేనికి భయమండీ?"

కుర్చీలో ఉన్నవాడు నవ్వలేడు. నవ్వితే గొంతు కదులుతుంది. కొత్తవాడైతే కళ్లు మాత్రం తిప్పి చూస్తాడు. నలభై ఆరేళ్ల ఆడమనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, వేలి మీద సబ్బు నురగ. పాతవాడైతే ముందే ఆలోచించుకుని వస్తాడు. లిఫ్టంటే భయమని ఒకడు, అత్తగారి దగ్గంటే భయమని ఇంకొకడు, అద్దంలో తన బట్టతలంటే భయమని మరొకడు. ఆమె తల ఊపి, గడ్డం కింద చివరి గీత గీసి, ముఖానికి పటిక రాసి, అప్పుడే విప్పిన బ్లేడు పైకాగితం మీద ఒక సినిమా పేరు రాస్తుంది. దాన్ని అతని చొక్కా జేబులో పెడుతుంది. ఒక బ్లేడుకి ఒక సినిమా. రెండోది కావాలంటే గడ్డం పెరగాలి.

వీధిలో ఆమెను దెయ్యాలక్క అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు, ఆమె పలుకుతోంది.

షాపు వాళ్ల నాన్నది. ఇరుకు గది. రెండు కుర్చీలు, వీపులు ఆనించుకుని అలిగిన మొగుడూ పెళ్లాల్లా చెరో గోడ వైపు తిరిగి ఉంటాయి. పోయేముందు నాన్న సుద్దముక్కతో నేల మీద గీత గీసి పంచాడు. ఎడమ కుర్చీ, ఎడమ గోడ, తలుపు తమ్ముడికి. కుడి కుర్చీ, కుడి గోడ, వీధివైపు కిటికీ ఆమెకు. ఆ సుద్దగీత ఎప్పుడో చెరిగిపోయింది. తలుపు ఎవరిదని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

ఆమె గోడ మీద అరచేతంత అద్దం ఒకటే. మిగతాదంతా కాగితాలు. ఒక్కో కాగితం మీద ఒక దేశం, ఒక వాక్యం. సినిమా పేరు ఉండదు.

జపాన్: గుమ్మంలో విప్పిన చెప్పులు తెల్లారేసరికి బయటివైపు తిరిగి ఉంటాయి.

మెక్సికో: బావి తవ్వేవాడికి కిందనుంచి ఎవరో పైకి తవ్వుతున్న చప్పుడు వినిపిస్తుంది.

నార్వే: మంచులో నలుగురు నడిచారు, ఐదుగురి అడుగులు పడ్డాయి.

ఇరాన్: తాళంచెవులు చేసేవాడి దగ్గరికి ఒకామె వస్తుంది, లోపలినుంచి వేసుకున్న తలుపుకి చెవి కావాలంటుంది.

"పేర్లు రాయొచ్చుగా అక్కా," అని ఎవరైనా అంటే, "పేరు రాస్తే సినిమాని వెతుక్కుంటారు. రాయకపోతే నన్ను అడుగుతారు," అంటుంది.

ఆ సినిమాలు ఆమె రాత్రిపూట చూడదు. సోమవారం షాపుకి సెలవు. పొద్దున్న పదకొండింటికి కిటికీలన్నీ బార్లా తీసి, తడి బట్టలు ఎండలో ఆరేసి, టీవీ ముందు కూర్చుంటుంది. చీకట్లో దేనికైనా భయపడతామనీ, ఎండలో కూడా భయపెట్టిందే అసలు సినిమా అనీ ఆమె లెక్క. అరుపు ఎక్కడైనా ఒకటేనంటే ఒప్పుకోదు. జపాన్ సినిమాల్లో ఊపిరి లోపలికి పీల్చుకుంటారట. మెక్సికో వాటిల్లో తల్లిని పిలుస్తారట. నార్వే వాళ్లు అసలు నోరే తెరవరట.

ఈ పిచ్చి ఎలా పట్టిందని అడిగితే రెండు కారణాలు చెబుతుంది. మొదటిది నాన్న. పదిహేడేళ్లప్పుడు మొదటిసారి ఒక మనిషి మెడ మీద కత్తి పెట్టినప్పుడు ఆమె చెయ్యి వణికింది. నాన్న తిట్టలేదు. "వణకనీ. ఆ చెయ్యి మెడని చూస్తోంది," అన్నాడు. రెండోది పెళ్లి. నాలుగేళ్లు ఆమె ఒక మోటారుసైకిలు ఆగే చప్పుడుకి భయపడుతూ బతికింది. వీధి మలుపులో ఇంజను ఆగగానే ఇంట్లో గిన్నెలు కూడా మాట మానేసేవి. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, అద్దెకు తెచ్చిన సినిమాలో ఒక తలుపు మెల్లగా తెరుచుకుంటుంటే ఆమె గుండె దడదడలాడింది. చేతిలో రిమోటు ఉంది. నొక్కింది. తలుపు సగంలో ఆగిపోయింది. భయం తన వేలి కింద ఆగడం ఆమె మొదటిసారి చూసింది. మరుసటి నెల చిన్న సంచితో నాన్న షాపుకి వచ్చేసి, కుడి కుర్చీ తుడిచి, ఎవరు ముందొస్తారో రండి అన్నట్టు నిలబడింది. ఆడదాని చేత గడ్డం గీయించుకోవడమా అని వారం రోజులు ఎవరూ రాలేదు. ఎనిమిదో రోజు వచ్చినవాడు ఇంజన్ డ్రైవరు.

ముప్ఫై ఏళ్లు రైలు నడిపిన మనిషి. ఇప్పుడు డెబ్బైకి దగ్గర. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ కుర్చీ తప్ప ఇంకో కుర్చీ ఎక్కలేదు. ఆమె ప్రశ్నకి ఏనాడూ జవాబు చెప్పలేదు కూడా. "భయమేంటమ్మాయ్? ఎదురుగా పట్టాలుంటే వెళ్లడమే," అనేవాడు. చీటీ మాత్రం జేబులో వేసుకుని వెళ్లేవాడు.

ఆ రోజూ అంతే అన్నాడు. గొంతు ఎప్పటికంటే చిన్నగా ఉందని ఆమె గమనించింది గానీ, జలుబనుకుంది. కొంచెం నెమ్మదైన సినిమా ఇద్దామని పోర్చుగల్ సినిమా పేరు రాసిచ్చింది.

పోర్చుగల్: ముసలాయన రోజూ రెండు కంచాలు పెడతాడు; రెండోది కూడా ఖాళీ అవుతుంది.

డ్రైవరు భార్య పోయి అప్పటికి పన్నెండు రోజులు. ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. మనుషుల భయాలు అడగడం అలవాటై, బాగున్నారా అని అడగడం మర్చిపోయింది.

ఆరు వారాలు ఆయన రాలేదు. ఏడో వారం గురువారం నాడు ఆయన కూతురు వచ్చింది. చెప్పులు విప్పకుండా, కూర్చోకుండా, షాపు మధ్యలో నిలబడింది.

"సినిమాలు చెప్పేది నువ్వేనా?"

"నేనే."

"మా నాన్న ఇంట్లో రెండు కంచాలు పెడుతున్నాడు. అమ్మ వస్తుందట. నేను తీసేస్తే మళ్లీ పెడుతున్నాడు. నువ్వు మనిషివేనా?"

తమ్ముడి చేతిలో కత్తెర ఆగిపోయింది. అతని కుర్చీలో సగం క్రాపుతో ఉన్నవాడు మెడ తిప్పి చూశాడు.

"అమ్మగారు పోయారని నాకు తెలీదమ్మా," అంది ఆమె. "అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే."

"తప్పంటే సరిపోతుందా?"

"సరిపోదు."

కూతురు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. సగం క్రాపువాడు కూడా మిగతా సగం అయ్యీ అవగానే లేచిపోయాడు. తమ్ముడు దువ్వెన టేబుల్ మీద పడేశాడు.

"అక్కా, ఇంక చాలు. జనం మన షాపుకి అందంగా తయారవ్వడానికొస్తారు, దడుచుకోవడానికి కాదు. ఆదివారం అద్దం పెట్టేవాడు వస్తున్నాడు. రెండు గోడలకీ పెద్ద అద్దాలు చెప్పాను. ఆ కాగితాలు తీసెయ్."

"తప్పు చేసింది నేను. కాగితాలు కాదు."

"నీకు తేడా తెలుస్తోంది. వీధికి తెలీదు."

"వీధికి చెబుతాను."

"చెప్పు. నీ గోడ నీదే, నేను కాదనను. కానీ తలుపు నాది. ఆదివారానికి ఆ కాగితాలు ఉంటే నా తలుపుకి తాళం వేస్తా. నీ గిరాకీ ఎలా వస్తుందో చూస్తా."

చిన్నప్పుడు బంతి పారేసుకుని ఏడ్చిన ముఖమే అది. ఆమెకు కోపం రాలేదు. పోర్చుగల్ కాగితం అంచు కొంచెం ఊడివస్తే బొటనవేలితో గట్టిగా నొక్కి అంటించింది. అతనికి అదే జవాబు.

మర్నాడు మధ్యాహ్నం కత్తి, కత్తెర, దువ్వెన, పటిక సంచిలో వేసుకుని డ్రైవరు ఇంటికి వెళ్లింది. తలుపు కూతురే తీసింది. ఆమె ముఖం చూసి తలుపు వెయ్యబోయింది.

"కటింగ్‌కి వచ్చాను. ఆయనకి నెల దాటిపోయింది," అంది దెయ్యాలక్క, ఒక కాలు అప్పటికే గుమ్మం లోపల పెట్టి.

వంటగదిలో చిన్న బల్ల. దాని ముందు డ్రైవరు. తెల్ల జుట్టు చెవుల మీదికి దిగి, గడ్డం బుగ్గల మీద పొగలా పరుచుకుని ఉంది. ఎదురుగా రెండు కంచాలు. ఒకటి సగం తిన్నది. రెండోదాంట్లో వడ్డించిన అన్నం, కూర అలాగే ఉన్నాయి. కిటికీలోంచి పడ్డ ఎండ ఆ కంచం అంచు దాకా వచ్చి అక్కడే ఆగింది.

"మోసం చేశావమ్మాయ్," అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. "సినిమాలో ఆవిడ తింటుంది. ఇక్కడ తినట్లేదు. ముప్ఫై రోజులుగా పెడుతున్నా. ఒక్క మెతుకు కదల్లేదు."

"నాన్నా," అంది కూతురు. ఆ ఒక్క మాటలో విసుగూ ఏడుపూ రెండూ ఉన్నాయి.

"సినిమా చూసినప్పుడు నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. అదేంటి, భయం సినిమా అన్నావుగా?"

దెయ్యాలక్క సంచి కింద పెట్టింది. ఓదార్పు మాటలు ఆమెకు రావు. నేర్చుకోలేదు. ఆమెకు తెలిసిందల్లా ఒకటే: తెరుచుకుంటున్న తలుపుని సగంలో ఎవరో ఒకరు ఆపాలి. బల్ల దగ్గరికి వెళ్లి, రెండో కంచం ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పొద్దున్నుంచి ఏం తినలేదు," అని, చెయ్యి కడుక్కునే గిన్నె ముందుకు లాక్కుంది.

కూతురు నోరు తెరిచింది. డ్రైవరు కుర్చీలో వెనక్కి జరిగాడు. ఆమె అన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత రెండోది. గదిలో నమిలే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ప్రపంచంలోని ఏ దేశం సినిమాలోనూ లేనంత భయం ఆ రెండు నిమిషాల్లో ఆమెకే వేసింది. చెయ్యి వణికింది. వణుకుతూనే కంచం అడుగు దాకా తిన్నది.

"ఉప్పెక్కువైంది," అంది చివరికి.

ఆయన ఖాళీ కంచాన్ని తన వైపు లాక్కున్నాడు.

"ఆవిడా అదే అనేది," అన్నాడు. "ప్రతిసారీ. ఉప్పెక్కువైందనేది. నేనే వండేవాణ్ణి ఆదివారాలు." ఆయన భుజాలు కదిలాయి. అది నవ్వో ఏడుపో కూతురికి అర్థం కాక దగ్గరికి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చేతిని పట్టుకుని వదల్లేదు.

జుట్టు కత్తిరించడానికి ముప్పావుగంట పట్టింది. గడ్డం కత్తెరతో పొట్టి చేసి వదిలింది. కత్తి సంచిలోంచి తియ్యలేదు. నేల మీద తెల్లటి కుప్ప పడింది. కూతురు చీపురు తెచ్చి ఊడ్చింది.

"గడ్డం గీయలేదేం? చీటీ ఏది?" అన్నాడు ఆయన.

"చీటీ ఇక్కడ ఇవ్వను. బ్లేడు షాపులో విప్పుతా. ఆదివారం రండి. తలుపుకి తాళం ఉండొచ్చు, ముందే చెబుతున్నా."

"తాళమా? మరెలా రావాలి?"

"కిటికీ నాదే."

ఆదివారం ఎనిమిదింటికి తమ్ముడు అద్దాలవాడితో వచ్చేసరికి తలుపుకి ముందురోజు రాత్రి తను వేసిన తాళం అలాగే ఉంది. కిటికీ రెక్కలు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి. కిటికీ కింద వీధిలో ఒక స్టూలు, లోపలివైపు ఇంకో స్టూలు. లోపల కుడి కుర్చీ పక్కన అక్క మెడకు కట్టే గుడ్డ దులుపుతోంది. ఎదురింటి మెట్ల మీద అప్పటికే పదిమంది చేరి కూర్చున్నారు.

"అక్కా, వీధంతా నవ్వుతోంది."

"నవ్వనీ. భయపడ్డం లేదుగా. నీకు కావాల్సింది అదేగా."

ఇంతలో డ్రైవరు వచ్చాడు. స్టూలు చూశాడు. కిటికీ చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"మావయ్యగారూ, ఆగండి," అన్నాడు తమ్ముడు. "పడతారు. తుంటి విరుగుతుంది. తలుపు తీస్తా, ఒక్క నిమిషం."

డ్రైవరు అప్పటికే స్టూలు ఎక్కి, ఎడమచేత్తో చువ్వల్లేని కిటికీ చట్రం పట్టుకుని, ఇంజను ఎక్కినట్టు ఒక్క ఊపులో కాలు లోపలికి వేశాడు. "ఎక్కాక దిగేది స్టేషన్లోనే," అన్నాడు అటువైపునుంచి.

మెట్ల మీద ఎవరో చప్పట్లు కొట్టారు. స్టూలు ముందు ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. వాడి వెనక సగం క్రాపువాడు. తమ్ముడు తాళంచెవి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత తలుపు తీశాడు. క్యూ మాత్రం కిటికీ దగ్గరే ఉంది.

"నా గోడకి నా అద్దం పెట్టుకుంటా," అన్నాడు లోపలికి వచ్చి. "అదీ వద్దనకు."

"నీ గోడ నీ ఇష్టం."

పెద్ద అద్దం ఎడమ గోడ నిండా నిలబడేసరికి గది రెండింతలైంది. తమ్ముడు వెనక్కి జరిగి చూసుకున్నాడు. అద్దంలో అతను ఉన్నాడు, అతని కుర్చీ ఉంది. వాటి వెనక కుడి గోడ మొత్తం ఉంది. జపాన్, నార్వే, ఇరాన్, ప్రతి కాగితమూ అక్షరాలు తిరగబడి, తళతళలాడుతూ. అతని కుర్చీలో కూర్చున్న మొదటివాడు మెడ వంచి చదవబోయి, "అదేంటన్నా, ఏం రాసుంది?" అన్నాడు.

తమ్ముడు ఒక నిట్టూర్పు విడిచాడు. "మంచులో నలుగురు నడిచారట," అన్నాడు నెమ్మదిగా. "ఐదుగురి అడుగులు పడ్డాయట. మిగతాది అక్కనడుగు."

కుడి కుర్చీలో డ్రైవరు కళ్లు మూసుకుని ఉన్నాడు. పోర్చుగల్ కాగితం కింద ఆమె కొత్తగా ఒక మాట చేర్చింది: ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆమె కొత్త బ్లేడు విప్పి, కాగితాన్ని చెవి మీద దోపుకుని, నురగ రాసి, కత్తి ఆయన గొంతు దగ్గర ఆనించింది.

"ఎలా ఉన్నారండీ?" అంది ముందు.

"ఉన్నానమ్మాయ్."

"దేనికి భయం?"

ఈసారి ఆయన పట్టాల గురించి చెప్పలేదు. కత్తి కింద గొంతు కదిలింది, జవాబు చెప్పాడు. ఆమె అంతా విన్నది. తర్వాత చెవి మీది కాగితం తీసి, రాయడం మొదలుపెట్టింది.