కాగితం మూలన నా చెయ్యి

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, మా బాబాయి బి.ఏ. పాసై మద్రాసులో చరిత్ర ఎం.ఏ. సీటు కోసం నరసరావుపేటలో మా ఇంట్లోనే ఎదురుచూస్తూ ఉండేవాడు. మార్కులొక్కటే చాలవనీ, సొంతంగా ఏం చేశావని అడుగుతారనీ, మనల్ని ఎరిగిన పెద్దమనిషి ఒక మాట చెప్పాలనీ అనేవాడు.

అందుకని అక్కడి రాతి శాసనాల అచ్చులు తీయడానికి బండి కట్టించుకుని కొండవీడు వెళ్ళేవాడు. నీళ్ళ ముంతతో వెంట నేను. శాసనం మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, దీపపు మసి అద్దితే నలుపులో అక్షరాలు తెల్లగా తేలేవి. గాలికి లేవకుండా కాగితం మూల నేను పట్టుకునేదాన్ని. అలా ఒకదాని మీద నా మసి చెయ్యి అచ్చుపడింది, తలుపు సందున నలిగి వంకరపోయిన చిటికెన వేలుతో సహా. బాబాయి తిట్టలేదు. "నువ్వూ సంతకం పెట్టావే" అన్నాడు. ఆ పూటంతా నేను నేల మీద నడవలేదు.

మద్రాసులో సీట్లిచ్చే ప్రొఫెసరు పక్కింటి ప్లీడరుగారికి స్నేహితుడు. ఆ అచ్చుల కాగితాలిస్తే తానే ఆయనకి చూపించి బాబాయి గురించి చెబుతానన్నాడు ప్లీడరుగారు. బాబాయి ఇచ్చాడు. సీటు ప్లీడరుగారి కొడుక్కి వచ్చింది.

ఆ సంతోషానికి వాళ్ళింట్లో విందు. హాలు గోడకి అద్దం కట్టించిన మా కాగితం. "మావాడు కొండెక్కి తీశాడు" అని ఆయన అందరికీ చూపిస్తున్నాడు. నేను కుర్చీ ఎక్కి మూలనున్న అచ్చు మీద చెయ్యి ఆనించాను.

"ఈ చెయ్యి నాది."

"పిల్లల చేతులన్నీ ఒకటేనే. ఏంది నీ గోల?" అని నవ్వాడాయన. వంకర వేలు చూపించాను. నవ్వు ఆగింది. బాబాయి వైపు తిరిగి, "ఏరా, ఎవరిదో నీకేమన్నా తెలుసా?" అన్నాడు.

బాబాయి గోడ వంక చూశాడు. "తెలవదండీ."

ఇంటికొస్తూ నాతో అన్నాడు: "తాతయ్య పొలం దావా ఆయన చేతిలో ఉందే. నోరిప్పితే రేపు తినేదేంది?"

దావా గెలిచాం. ఆ చేలో పండిన జొన్నలే తిని పెరిగాను, కాదనను. బాబాయి బడిపంతులుగానే రిటైరయ్యాడు. ప్లీడరుగారి దొంగతనాన్ని ఎప్పుడో వదిలేశాను. పరాయివాడు. బాబాయి అన్న ఆ ఒక్క "తెలవదండీ"ని మాత్రం బాబాయి పోయినా వదల్లేదు.

ఇది ఎవరిదని ఎవరడిగినా, తెలిసింది తెలుసనే చెబుతాను. చుట్టాలు నన్ను తగవులమారి అంటారు. అననీ. నా వేలు ఇంకా వంకరగానే ఉంది.