ఎదురుకాళ్ళ తిమ్మక్కకు నడుము నొప్పి

మా మేనత్త తిమ్మక్క ఎదురుకాళ్ళతో పుట్టింది. అంటే పుట్టేటప్పుడు తల కాకుండా కాళ్ళు ముందు బయటికొచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా ఊరు బేరిగై చుట్టుపక్కల మావాళ్ళందరి నమ్మకం. ఊళ్ళో సగం నడుములు ఆమె మడమ కింద బాగుపడ్డవే. చివరికి ఆ తిమ్మక్కకే నడుము పోయింది. హోసూరులో పాత నొప్పులు చూసేందుకని ప్రత్యేకంగా ఒక క్లినిక్ ఉందంటే, అక్కడికి ఆమెను బయల్దేరదీయడానికి నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు.

నా పేరు మాదేశ్. హోసూరు ఫ్యాక్టరీలో మెషిన్ ముందు నిలబడే పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది మేనత్త పోలిక. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆమే. మా ఇంట్లో ప్రేమగా మాట్లాడుకోవడమంటే కాస్త గట్టిగా అరుచుకోవడమే, కాబట్టి మీరేమీ కంగారు పడకండి.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఆదివారం తెల్లవారితే చాలు, మా గడప బయట మనుషులు వరసగా బోర్లా పడుకుని ఉండేవారు. టమాటా పెట్టెలు ఎత్తేవాళ్ళు, బావులు తవ్వేవాళ్ళు, మాలూరు వైపు నుంచి వచ్చిన కన్నడంవాళ్ళు, ఎవరిదో టీవీఎస్ బండి మీద వెనక కూర్చుని మూలుగుతూ వచ్చిన తమిళ మేస్త్రీ. పరగడుపున రావాలి. ఏమీ తేకూడదు, ఏమీ ఇవ్వకూడదు. అత్త తలుపు చెక్క పట్టుకుని నిలబడి, ఎడమ మడమతో నడుము మీద మూడుసార్లు ఒత్తేది. తరవాత ఆ మనిషి లేచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. అంతే వైద్యం.

కానీ కాలి కంటే ముందు నోరు పడేది. మండీలో మూటలు మోసే గుర్రప్పను చూస్తే ఆమెకు పూనకమే.

"మళ్ళా వచ్చినావా? మోకాళ్ళు వంచి మూట ఎత్తరా అంటే చెవుల్లో దూది పెట్టుకున్నావా? ఎద్దు మాదిరి పెరిగినావు, సిగ్గు లేదు!"

"తిట్టేది అయిందా అక్కా? తొక్కు మరి," అనేవాడు గుర్రప్ప నేలకేసి మూతి పెట్టుకునే.

అదే లక్ష్మణప్ప లాంటి పెద్దవాళ్ళు వస్తే నోరెత్తేది కాదు. తొక్కడం అయ్యాక వంగి వాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టేది. "పెద్దోడివి, కాలు తగిలించినాను, తప్పుగా అనుకోవద్దప్పా," అనేది. నేను కూడా ఒకసారి ఆ గడప ముందు పడుకున్నాను. పంతొమ్మిదేళ్ళప్పుడు కదిలే బస్సులోంచి హీరోలాగా దిగబోయి నడుము విరగ్గొట్టుకున్నంత పని చేశాను. అత్త తొక్కింది. తగ్గిందా అంటే తగ్గింది. ఎందుకు తగ్గిందో నన్నడగొద్దు, నాకు తెలీదు.

ఆమె నొప్పి నాలుగేళ్ళ కింద మొదలైంది. నడుములో పుట్టి తొడ వెంట పిక్క దాకా గుంజేది. ముందు గొంతుక్కూర్చుని రాగి సంకటి గెలకడం మానేసింది. తరవాత బస్సెక్కడం మానేసింది. తరవాత నిద్రే మానేసింది. కృష్ణగిరిలో ఎముకల డాక్టరు స్కానింగ్ చేయించి, ఆపరేషన్‌తో పనిలేదన్నాడు. ఆయనిచ్చిన బిళ్ళలు కడుపులో మంట పెట్టాయి. మళ్ళీ వెళితే, "ఇలాంటి పాత నొప్పులకు హోసూరులో వేరే క్లినిక్ ఉంది, అక్కడ చూపించండి" అన్నాడు.

"నొప్పికని వేరేగా ఆస్పత్రా?" అంది అత్త. "ఇంగ ఆవులింతలకు కూడా ఒకటి పెడతారులే!"

ఆమె లెక్క వేరు. ఎదురుకాళ్ళ మనిషి నొప్పిని ఇంకో ఎదురుకాళ్ళ మనిషే తీయాలట. సరే, వెతుకుదామన్నాను. దొరికితేనా? "ఇప్పుడందరూ కోత పెట్టించుకొని కంటుండారు. తల ముందా, కాళ్ళు ముందా అని చూసేదెవురు?" అని ఆమే తిట్టుకుంది. ఆఖరికి తళిలో ఒక ముసలమ్మ ఉందని తెలిసి కారు మాట్లాడుకుని వెళ్ళాం. ఆవిడకు తొంభై ఏళ్ళు. కాలు ఎత్తడం సంగతి దేవుడెరుగు, మంచం మీంచి లేవడమే కష్టం. ఇద్దరూ పొద్దుగూకే దాకా తాము తొక్కిన నడుముల కబుర్లు చెప్పుకుని నవ్వుకున్నారు. తిరుగుదారిలో అత్త నొప్పితో పెదవి కొరుక్కుంటూ, "మంచి మనిషిరా," అంది. నాకు ఒళ్ళు మండింది.

ఇంత జరుగుతున్నా, వచ్చినవాళ్ళను మాత్రం కాదనేది కాదు. ఒక ఆదివారం గుర్రప్ప వచ్చి పడుకున్నాడు. ఎడమ కాలు ఎత్తాలంటే బరువంతా నొప్పి ఉన్న కుడి కాలి మీదే పడుతుంది. రెండోసారి ఒత్తేసరికి ఆమె కాలు వంగిపోయి, తలుపు చెక్కకు తగిలి కూలబడింది. గుర్రప్ప లేచి పట్టుకున్నాడు, పాపం వాడి నడుము సంగతి వాడే మరిచిపోయాడు. వాడు వెళ్ళాక నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"చచ్చేదాకా ఇట్లనే తొక్కుతా ఉంటావా? మంచాన పడితే ఎవురు చూస్తారు? క్లినిక్‌కు పోయేదానికి ఏం రోగం నీకు?"

ఆమె తిరిగి అరవలేదు. అప్పుడే నాకు భయమేసింది.

"మాదేశా, నేను తీసిన నొప్పులన్నీ యాడికి పోయినాయనుకున్నావు? గాల్లోకా?" అని తుంటి మీద చెయ్యి వేసుకుంది. "అన్నీ ఈడనే ఉండాయి. ఆ డాక్టర్లు దీన్ని వెళ్ళగొడితే, ఎవురిది వాళ్ళను వెతుక్కుంటా పోదా? లక్ష్మణప్పకు ఎనబై దాటినాయి, ఆయప్ప తట్టుకుంటాడా? గుర్రప్పకు ముగ్గురు బిడ్లు. నువ్వు చూస్తే దినమంతా మెషిన్ ముందర నిలబడల్ల."

ఇన్నాళ్ళూ మొండితనమనుకున్నాను. మూడేళ్ళుగా ఆమె మా అందరికీ కాపలా కాస్తోందని నాకెలా తెలుస్తుంది? కోపమంతా ఎటు పోయిందో పోయింది, ఏడుపొచ్చింది.

"నాది నాకు రానీ అత్తా. నేను మోసుకుంటాను."

"నోరు మూసుకో. మళ్ళా నీకిచ్చేదానికా తీసుకునింది?"

ఇక వాదించడం దండగ. అలాంటిదేమీ జరగదని చెప్తే నమ్మదు, తన జీవితమంతా దాని మీదే నిలబడి ఉంది. నాకు తోచింది ఒక్కటే. "సుమ్మనే, ఊరికే పోయి ఏమంటారో విని వచ్చేద్దాం. వినినంత మాత్రాన నొప్పి పోదు కదా?" అన్నాను. "వినేదానికే అయితే వస్తాను," అంది.

క్లినిక్‌లో డాక్టరు పేరు కలైసెల్వి. అత్త నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పడానికి బావులు తవ్వేవాళ్ళ దగ్గర్నుంచి ఎత్తుకుంది. డాక్టరమ్మ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. నడిపించి చూసింది, కాలు ఎత్తించి చూసింది. అన్నీ అయ్యాక అత్త అసలు ప్రశ్న అడిగింది.

"అంతా పోతుందామ్మా?"

"అంతా పోతుందని నేను చెప్పనమ్మా. చెప్తే అబద్ధం," అంది కలైసెల్వి. "మందులు, కసరత్తు అన్నీ కలిపి చేస్తే సగం దాకా తగ్గచ్చు. మిగిలిందాన్ని పెట్టుకొనే నిద్రపోయేది, కూర్చొని లేచేది నేర్పిస్తాము."

సగమా! ఇన్ని పాట్లు పడి వచ్చింది సగానికా? నేను కుర్చీలోంచి లేవబోయాను. అత్త నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆమె మొహం చూస్తే విప్పారి ఉంది. అంత తేటగా ఉన్న ఆ మొహాన్ని నేను చూసి ఎన్నేళ్ళయిందో.

"అట్లయితే సరే. నేను కూడా చిన్నప్పట్నుంచి నీళ్ళు మోసినాను, రాగులు కోసినాను. నాది సగముంటుంది. అది తీసేయండి. మిగిలింది నాకాడనే ఉండనీండి," అంది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

అది జరిగి ఏడాది కావస్తోంది. అత్త ఇప్పుడు తొక్కడం మానేసింది. వచ్చినవాళ్ళను బోర్లా పడుకోబెట్టి, క్లినిక్‌లో నేర్పిన కసరత్తు వాళ్ళ చేత చేయిస్తోంది, తిట్లు మాత్రం పాతవే. పీట మీద కూర్చుని సంకటి గెలుకుతోంది. రాత్రుళ్ళు నిద్రపోతోంది. కానీ లెక్క ఎక్కడైనా తప్పిందేమోనని అనుమానం మాత్రం పోలేదు. మొన్న పొద్దున నేను హోసూరులో నా గదిలో ఉంటే ఫోన్ చేసింది.

"మాదేశా, నిజం చెప్పు. నీ నడుమెట్లుండాది?"

రెండు షిఫ్టులు వరసగా నిలబడి, ఆ పొద్దున సాక్సు వేసుకోవడానికి కూడా వంగలేక మంచం అంచున కూర్చుని ఉన్నాను.

"బాగుండాది అత్తా," అన్నాను.